ఆకుపచ్చ గేటున్న తొమ్మిదో ఇల్లు

ఇంగ్లండులో నెదర్ పెల్‌బీ అనే ఊరుంది. ఎనిమిది ఇళ్ళు, ఒక చర్చి, ఒక వాగు. ఆ వాగు మీద ఒక రాతి వంతెన. ఇద్దరు మనుషులు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడిచి దారివ్వాల్సినంత సన్నటిది. చర్చి మెట్టు దిగి వంతెన మొదటి రాయి మీద కాలు పెట్టడానికి సరిగ్గా రెండు వందల పన్నెండు అడుగులు. వానాకాలమైతే బురద తప్పించుకుని నడవాలి కాబట్టి రెండు వందల పందొమ్మిది. ఆ ఊరి గొర్రెలకు మూతులు నల్లగా ఉంటాయి. ఇదంతా నాకు తొమ్మిదేళ్ళకే కంఠతా వచ్చు. నేను పుట్టి పెరిగింది మాత్రం నగరిలో, నేతగాళ్ళ వీధిలో. ఆ వీధి తూర్పుకు తిరిగి ఉండేదో పడమటికి తిరిగి ఉండేదో నన్నడక్కండి. ఆ వివరాలు నెదర్ పెల్‌బీ చూసుకోవడంలో పడి గమనించలేదు.

గత నెలలో మా పెదనాయన కూతురు సరోజక్క ఫోన్ చేసింది. ఆమె ఫోన్లో మాట్లాడితే నగరి నుంచి నేనుండే తిరుపతికి ఫోన్ అవసరం లేదనిపిస్తుంది. చుట్టూ పవర్‌లూమ్‌ల మోత మధ్య యాభై ఏళ్ళు బతికిన గొంతు అది.

"ఒరే గోపీ, యాడుండావురా? పాత మగ్గాల కొట్టం పీకేస్తా ఉండాము. దొరతాత పెట్టె బయటపడింది. తాళం పగలగొట్టి సూస్తే లోపలంతా ఇంగిలీసు కాగితాలే. మా ఇంట్లో ఎవురికీ అంతు సిక్కలా. నువ్వొచ్చి సదువు."

పెట్టె అనగానే నా గుండె ఆగి, మళ్ళీ మొదలుకావడానికి అరగంట పట్టింది. ఎందుకంటే ఆ కాగితాలేమిటో నాకు తెలుసు. అవి నా ఇంటి పత్రాలు. నలభై అయిదేళ్ళుగా నేను ఎదురుచూస్తున్నవి.

దొరతాత అంటే మా తాతకు అన్న. అసలు పేరు మునుస్వామి. పెళ్ళి చేసుకోలేదు. వయసులో ఉన్నప్పుడు తమిళనాడు సరిహద్దు అవతల ఒక ఆసుపత్రి బంగళాలో తెల్లదొరసాని దగ్గర వంటమనిషిగా పనిచేశాడు. ఆమె నర్సు. ఉద్యోగం ముగించుకుని సొంతూరికి వెళ్తూ ఈయన్నీ వెంట తీసుకెళ్ళింది. మా వీధి వీధంతా తరలివెళ్ళి ఆయన మెడలో పదిహేడు దండలు వేసి రైలెక్కించిందట. పదిహేడని మా అవ్వ చెప్పేది. నేను పుట్టాక అవి యాభై అయ్యాయి, నేను చెప్పడం మొదలుపెట్టాక రైలు కదల్లేనన్ని అయ్యాయి. ఆమె ఊరు నెదర్ పెల్‌బీలో రెండేళ్ళుండి తాత తిరిగొచ్చాడు. అప్పట్నుంచీ మగ్గాల కొట్టం చివరి గదిలో ఉండేవాడు. వేరే దేశంలో ఉన్నట్టు.

మా ఇల్లు తెల్లవారుతూనే గంజి వాసనతో లేచేది. వీధి పొడవునా పడుగు నూలు సాగదీసి, మా నాయన, పెదనాయన, చిన్నాయన ముగ్గురూ కుంచెలతో దానికి గంజి పట్టించేవాళ్ళు. ఆ వాసన మా బట్టలకూ జుట్టుకూ అన్నానికీ పట్టేది. మా వీధి కుక్కలు కూడా ఇస్త్రీ చేసినట్టు నిటారుగా నడిచేవి. ఆ వాసనను చీల్చుకుంటూ కొట్టం చివర్నుంచి రొట్టె వాసన వచ్చేది. తాత కుండలో పిండి పెట్టి, కుండ కిందా మూత పైనా నిప్పులు పోసి రొట్టె కాల్చేవాడు. అది బయట బొగ్గు, లోపల బంక. అయినా దాని అంచు ముక్క కోసం మేం పిల్లలం ప్రాణాలిచ్చేవాళ్ళం.

మే నెలలో మా నగరి ఎండకు పట్టాలు మెత్తబడి రైళ్ళు అలిసిపోయి ఆగిపోతాయి. ఆ ఎండలో తాత ఉన్ని కోటు వేసుకుని వీధిలోకొచ్చేవాడు. లుంగీ మీద కోటు. "ఆడ ఈరోజు మంచు పడతా ఉండాదబ్బా" అనేవాడు. ఒకరోజు ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా గొడుగు వేసుకుని వెళ్తుంటే మా నాయన మగ్గం గుంతలోంచే అడిగాడు.

"ఏం పెదనాయనా, వానా?"

"యాడనో ఒకసోట పడతానే ఉంటాది గదప్పా" అన్నాడు తాత.

సాయంత్రం మగ్గాలు ఆగాక పాఠం. తాత కొట్టం ముందు నేల ఊడ్చి, నీళ్ళు చల్లి, అవ్వ ముగ్గుపిండి డబ్బా తెచ్చుకునేవాడు. మగవాడు ముగ్గు వేయడమే మా వీధిలో వింత. ఆయన వేసేది చుక్కల ముగ్గు కాదు, పద్మం కాదు. నెదర్ పెల్‌బీ. ముందు వాగు వంకర, తర్వాత వంతెన, చర్చి, ఆ పైన ఎనిమిది ఇళ్ళు, ఊరి మధ్యలో బోరింగు, పొలిమేరలో గొర్రెల దొడ్డి. మా అవ్వకు ఆ ఊరి పేరు పలకడం ఇష్టం లేదు.

"రోజూ శేరు పిండి తినేస్తా ఉండాది మీ ఊరు," అని గుమ్మంలోంచి అరిచేది. "రెండేండ్లు సీమలో ఉండొచ్చిన మనిసి సొక్కాలు ఉతికితే సాంబారు వాసన కొట్టినాయి. దొరసాని సాంబారు పెట్టినాదేమో అడగండ్రా!"

తాత వినిపించుకునేవాడు కాదు. మమ్మల్ని వరుసగా నిలబెట్టి ప్రశ్నలు వేసేవాడు. చర్చి గంట వాగులో ఎందుకు పడింది? అన్నదమ్ములిద్దరు నేనే ముందు మోగిస్తానని కొట్టుకుని తాడు తెంపారు. దారి తప్పిన రాజు ఏ ఇంటి తలుపు తట్టాడు? మూడో ఇల్లు. ఆ ఇల్లాలు ఏమంది? కాళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మంది. రాజు తుడుచుకున్నాడా? తుడుచుకున్నాడు. కాళ్ళు తుడుచుకున్న ఆ గుమ్మం రాయి ఇప్పటికీ ఉందా? ఉంది. తప్పు చెప్పినవాళ్ళకు రొట్టె అంచు లేదు. నాకు రొట్టె అంచు ఒక్కరోజూ తప్పలేదు. మా చిన్నాయన కొడుకు మునిరత్నం నాకన్నా ఏడాది పెద్ద. వాడికి చర్చికీ బోరింగుకూ తేడా తెలిసేది కాదు. అందుకే వాడికి రొట్టె లేదు, నామీద కసి మాత్రం బాగా ఉండేది.

అయిదో తరగతిలో అయ్యవారు మీ ఊరి పటం గీసుకు రమ్మన్నారు. నేను గీశాను. దిక్కులు గుర్తుపెట్టి, కొలతలు వేసి, గొర్రెల మూతులు నల్లగా దిద్ది, జిల్లాలోనే అంత చక్కటి పటం ఎవరూ గీసి ఉండరు. అయ్యవారు దాన్ని తలకిందులు చేసి చూశారు, పక్కకు తిప్పి చూశారు.

"ఈ ఊరేందిరా?"

"మా ఊరే సార్."

"నగరిలో ఈ వంతెన యాడుండాది? బస్టాండు యాడరా? పైగా ఎనిమిదిండ్లంట! మీ వీధిలో మరుగుదొడ్లే అంతకన్నా ఎక్కువుండాయి గదరా!"

బెంచీ ఎక్కి నిలబడ్డాను. బాధ కలగలేదు. అయ్యవారి మీద జాలి కలిగింది. ఆయనకు నగరి తప్ప వేరే సొంతూరు లేదు పాపం.

అలా నిలబడి వచ్చిన రోజు మధ్యాహ్నమే, నేను రాట్నం దగ్గర కూర్చుని కండెలకు నూలు చుడుతుంటే, తాత వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి చెవి దగ్గరికి వంగాడు. కోటులోంచి నాఫ్తలీన్ ఉండల వాసన, నోట్లోంచి వక్కపొడి వాసన.

"అబ్బోడా, ఆడ ఎనిమిదిండ్లు అని సెప్తా ఉంటా గదా. తొమ్మిదోది ఉండాది. చర్చి ఎనకాల. ఆకుపచ్చ గేటు. దొరసాని నాకని పెట్టింది. నా తర్వాత అది నీదే."

నా చేతిలో దారం తెగిపోయింది.

"ఎవురికీ సెప్పగాకు. సెప్తే ఇల్లు దక్కదు. మూల గది మాత్రం నాకియ్యాల. ముసలితనాన నీకాడే ఉంటా."

ఇచ్చాను. ఆ క్షణమే మనసులో ఆ మూల గది ఊడ్చి, మంచం వేసి, కోటు తగిలించుకోవడానికి గోడకు మేకు కూడా కొట్టాను. ఆ తర్వాత మూడేళ్ళకే, నేను హైస్కూల్లో ఉండగా, తాత కొట్టం గదిలోనే కన్నుమూశాడు. నేను మాత్రం ఆయనకు మాటిచ్చినట్టు నోరు మూసుకునే బతికాను. నా ఉద్యోగం పోయినప్పుడు, అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు గోడకు మేకు కొట్టావేమని వీధిలోకి లాగి అరిచినప్పుడు, అందరూ నన్ను చూసి ఇతనికేమీ లేదని అనుకున్న ప్రతిసారీ లోలోపల నవ్వుకున్నాను. తిరుపతిలో కొండ కనిపించే చోట ప్లాటు కొందామని నా భార్య పదేళ్ళు పోరింది. "మనకిప్పుడేం తొందర" అన్నాను పదేళ్ళూ. ఇప్పుడు ఆ చోట నిలబడి కొండ కనబడాలంటే ఎవరిదో అయిదో అంతస్తు ఎక్కాలి. ఎందుకు తొందర లేదో ఆమెకు ఈనాటికీ చెప్పలేదు. చెప్తే ఇల్లు దక్కదు కదా.

అలాంటి నన్ను ఆ పెట్టెలో కాగితాలు చదవడానికి పిలిచారు. నేను ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను.

నగరిలో కొట్టం సగం నేలమట్టమైంది. మగ్గం గుంతలు మట్టితో పూడ్చేస్తున్నారు. తిరుచానూరులో లాడ్జి నడిపే మునిరత్నం కూడా వచ్చి ఉన్నాడు. వాడూ ఉతికిన చొక్కాలోనే ఉన్నాడు. అప్పుడు నాకు అనుమానం రాలేదు. రేకు పెట్టె నిండా ఉత్తరాలు, అన్నీ ఒకే చేతిరాత. కవరు తీసి చిరునామా చూశాను. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను.

"ఏమప్పా, ఏముండాది?" అన్నాడు మునిరత్నం.

"రేణిగుంట."

"రేణిగుంటేంది?"

"తాతకు దొరసాని ఉత్తరాలు రాసింది రేణిగుంటకు. రైల్వే క్యాంటీన్ కేరాఫ్."

నేను చదువుతూ తెలుగులో చెప్తూ పోయాను. మొదటి ఉత్తరంలోనే అంతా ఉంది. మద్రాసు హార్బర్‌లో సముద్రం చూసి నువ్వు వెనక్కి తిరిగి పరుగెత్తావు, నాకు కోపం లేదు మునుస్వామీ, అని రాసింది దొరసాని. ఇంటికి వెళ్దామనుకుంటే మెడలో వేసిన దండలు గుర్తొచ్చాయన్నావు. రైలు మీ ఊరి స్టేషన్లో ఆగినప్పుడు తువాలు ముఖం మీద కప్పుకుని రేణిగుంట దాకా వెళ్ళిపోయానని రాశావు, అది చదివి నేను ఏడ్చాను, అంది. ఆ తర్వాత ఉత్తరాలన్నీ తాత అడిగినవాటికి జవాబులే. ఇంటికెళ్ళాక జనం అడిగితే చెప్పడానికి మా ఊరి సంగతులన్నీ రాయమన్నావు, రాస్తున్నాను. చర్చి నుంచి వంతెనకు ఎన్ని అడుగులని మళ్ళీ అడిగావు. ఈ ఉదయం నడిచి లెక్కపెట్టాను. రెండు వందల పన్నెండు. నిన్న వాన పడింది, మళ్ళీ నడిచాను. రెండు వందల పందొమ్మిది.

మా ఇంగ్లండు నగరికి గంటన్నర దూరంలో, ఇడ్లీ రేకుల మధ్య ఉండింది. మా అవ్వ ముక్కుకు ఆ సంగతి ఆనాడే తెలుసు. దండలు వేసి పంపిన వీధికి, రొట్టె అంచు కోసం వరుసలో నిలబడ్డ మాకు మాత్రం తెలియలేదు. ఆ ఎండలో ఆ కోటు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏ అయ్యవారిని చూసి జాలిపడ్డానో ఆయన ముందుకెళ్ళి మళ్ళీ బెంచీ ఎక్కాలనిపించింది.

అప్పుడు మునిరత్నం గొంతు సవరించుకున్నాడు.

"అయితే నా ఇల్లో?"

"నీ ఇల్లేందిరా?" అన్నాను.

"తొమ్మిదోది. బోరింగు పక్కన. ఆకుపచ్చ గేటు. తాత నాకిచ్చినాడు. ఎవురికీ సెప్పగాకన్నాడు."

నేను నోరు తెరిచేలోపు సరోజక్క లేచింది.

"సిగ్గుండాలరా నీకు! బోరింగు పక్కనేంది? వంతెన దిగంగానే ఎడమసేతి పక్క. నా పెండ్లికి ముందురోజు పిలిసి సెప్పినాడు. ఆడబిడ్డవు, మొగుడితో సరిపడకపోతే ఆడికి పో అన్నాడు. నలభై ఏండ్లు మా ఆయన అరిసినప్పుడల్లా, అరుసుకో, నాకు ఇల్లుండాది అనుకున్నా."

"మూల గది అడిగినాడా?" అన్నాను.

"అడక్కుండానా? ఇస్తానన్నా."

"నన్నూ అడిగినాడే," అన్నాడు మునిరత్నం.

తాత ఎక్కడికీ వెళ్ళలేదన్నది నేను తట్టుకోగలను. సముద్రం చూసి భయపడ్డ మనిషిని క్షమించవచ్చు. నేను కూడా తిరుమల ఘాట్ రోడ్డు మలుపుల్లో కళ్ళు మూసుకునే రకాన్ని. కానీ చర్చికీ బోరింగుకూ తేడా తెలియని మునిరత్నానికి! నేను ఒక్క జవాబూ తప్పలేదే! ప్రపంచంలో నన్నొక్కడినే ఎంచుకున్న మనిషి ఒకడుండినాడన్న ధీమా మీద నేను ఒక జీవితం కట్టుకున్నాను. ఆయన చూస్తే మూడిళ్ళలో మూడు మూల గదులు పట్టుకుని కూర్చున్నాడు.

సరోజక్క కోపం పనిలోకి దిగుతుంది. పిండి డబ్బా తెచ్చి, కూలిన కొట్టం ముందు నేల మీద నెదర్ పెల్‌బీ వేసింది. ఒక్క గీత తప్పలేదు. వంతెన పక్కన తన ఇల్లు వేసి గేటు పెట్టుకుంది. మునిరత్నం బోరింగు పక్కన వేసుకున్నాడు, లాడ్జి మేనేజరు కాబట్టి కొంచెం పెద్దదిగా. నేను చర్చి వెనుక వేసుకున్నాను. నా ఇల్లు గొర్రెల దొడ్డిని ఆనుకుని ఉందని అప్పుడే గమనించాను. అందరికీ మంచి చోటిచ్చి నాకు పేడ పక్కన ఇచ్చాడు.

మునిరత్నం ఫోన్ తీసి పటంలో ఊరి పేరు కొట్టాడు. పైనుంచి తీసిన బొమ్మ వచ్చింది. ముగ్గురం తలలు ఆనించి చూశాం. వాగు వంకర అదే. వంతెన అక్కడే. చర్చి అక్కడే. ఫోన్లో కొలిస్తే దూరం కూడా దొరసాని నడిచినంతే. పిండితో వేసిన ఊరు, సముద్రం దాటని మనిషి వేసిన ఊరు, అంగుళం తేడా లేకుండా అక్కడుంది. పైకప్పులు లెక్కపెట్టాం. ఎనిమిది. సరోజక్క ఇల్లున్న చోట చెట్లు. మునిరత్నం ఇల్లున్న చోట ఎవరిదో కారు. నా చోట గోధుమరంగులో ఒక కుప్ప.

"అది పేడే," అన్నాడు మునిరత్నం. నలభై ఏళ్ళ రొట్టె అంచుల కసి ఆ ఒక్క మాటలో తీర్చుకున్నాడు.

ఇక ఈ సంగతి ఎత్తకూడదని, ఎవరి ఇంట్లోనూ చెప్పకూడదని ముగ్గురం ఒట్టేసుకుని విడిపోయాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆలోచించాను. ఆ రోజుల్లో మా ఇంట్లో పదమూడు మందికి రెండు గదులు. ఎవరికీ సొంతమంటూ ఒక మూల లేదు. తాతకు ఉన్నది మగ్గాల కొట్టం చివర, తలుపు కూడా లేని గది. ఇప్పుడు సరోజక్కకు రెండంతస్తులున్నాయి, మునిరత్నం చేతిలో లాడ్జి నిండా గదుల తాళాలున్నాయి, నాకు అద్దెదైనా మూడు గదుల ఇల్లుంది. అయినా ముగ్గురం ఉతికిన బట్టలేసుకుని పరుగెత్తాం, లేని ఇంటి కోసం. ఆయన మమ్మల్ని మోసం చేశాడు. ఆ మోసం లేకపోతే ఆ పదమూడు మందిలో మేం ఎక్కడ పడుకుని ఏం కలలు కనేవాళ్ళమో నాకు తెలియదు. తెలిసినా ఆయనకు ఆ మార్కులు వేయను.

ఇంటికొచ్చిన మర్నాడు కాఫీ తాగుతూ ఫోన్లో ఆ పటం తెరిచాను. మూలన ఒక సదుపాయం ఉంది. పటంలో లేని చోటును మనం చేర్చవచ్చట. చర్చి వెనుక వేలు పెట్టి, ఇల్లు అని రాసి, గేటు ఆకుపచ్చ అని కూడా రాసి పంపాను. ఒట్టు గుర్తుంది. కానీ మాట్లాడకూడదని కదా ఒట్టు, వేలు పెట్టకూడదని కాదు. మూడో రోజు చాలా మర్యాదగా జవాబొచ్చింది. ఆ చోట అలాంటిదేమీ ఉన్నట్టు నిర్ధారించుకోలేకపోయామట.

అదే సాయంత్రం సరోజక్క ఫోన్.

"ఒరే గోపీ, ఊరికే అడగతా ఉండా. పటంలో ఒక సోటు లేదు అని ఆళ్ళు సెప్తే, మళ్ళా అడగొచ్చునా?"

"ఏ సోటు అక్కా?"

"ఏదో ఒకటిలేరా," అని, కాసేపు మగ్గాల మోత వినిపించి, "వంతెన పక్కన" అంది.

నేను నాదీ ఒప్పుకున్నాను. ఇద్దరం తాతను చెడామడా తిట్టుకున్నాం, కొంచెం నవ్వుకున్నాం. మునిరత్నం ఒక్కడే మాట మీద నిలబడ్డాడని, వాణ్ణి మనం ఎప్పుడూ తక్కువగా చూశామని కూడా అనుకున్నాం. ఫోన్ పెట్టేశాక ఎందుకో చేయి ఊరుకోక మళ్ళీ ఆ పటం చూశాను.

బోరింగు పక్కన ఎర్రగుర్తు ఉంది. గ్రీన్ గేట్ లాడ్జి. ఇరవైనాలుగు గంటలూ తెరిచి ఉంటుంది. తిరుచానూరు లాడ్జి ముందు తీసిన ఫోటో, పూలమ్మే ఆమె సగం కనిపిస్తూ. కింద మునిరత్నం ఫోన్ నంబరు. ఇల్లు అంటే ఒప్పుకోని వాళ్ళు లాడ్జి అంటే ఒప్పుకున్నారు. ఆ రహస్యం లాడ్జి నడిపేవాడికి తెలుసు, మాకు తెలియలేదు. చర్చికీ బోరింగుకూ తేడా తెలియనివాడికి చివరికి తొమ్మిదో ఇల్లు దక్కింది.

నా అభిప్రాయం రాయడానికి అక్కడ చోటుంది. ఒంట్లో ఉన్న కసినంతా వేలికొసకు తెచ్చుకుని అయిదు నక్షత్రాల్లో ఒక్కటే నొక్కాను. ఎందుకని ఫోన్ అడిగింది. రాశాను.

"చర్చి నుంచి వంతెనకు రెండు వందల పన్నెండు అడుగులు, సరిగ్గానే ఉన్నాయి. గేటు ఆకుపచ్చదే. మూల గది ఊడ్చి, గోడకు మేకు కొట్టి ఉంచాం. తాత మాత్రం రాలేదు."